దొన్నెలోని చిత్రాన్నము – పాలమూరు నైవేద్య చరిత్ర



నవరాత్రులలో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల ఆలయాలలో దొన్నె చేతికి వచ్చినప్పుడు అందులో పసుపుపచ్చని అన్నము, దానిపై కొత్తిమీర ఆకు తరచుగా కనబడతాయి. నిమ్మరసము పిండిన ఈ అన్నమును కొందరు పులిహోర అంటారు, కొందరు చిత్రాన్నమంటారు. ఇది అనాదిగా ఒక్క దినుసు కూడా మారకుండా వస్తున్నదని పెద్దలు చెప్పగా మనము వింటూనే ఉన్నాము. అది భక్తితో పలికిన మాటయే; చరిత్ర మాత్రము మరొక విధముగా ఉన్నది.

పులుపు పాతదే. నిమ్మజాతి ఫలములకు హిమాలయ పాదప్రాంతములు పుట్టినిళ్ళు. ఈ సీమను ఏలిన కల్యాణి చాళుక్యులలో మూడవ సోమేశ్వరుడు (1126–1138) రచించిన ‘మానసోల్లాసము’లో అన్నభోగమునకే ఒక అధ్యాయమున్నది. బియ్యపు జాతులను, వంట పాత్రలను సైతము ఆ రాజు వదలలేదు. అయితే ఆయన వంటశాలలో మిరపకాయ లేదు, పల్లీ లేదు. ఆ రెండును అమెరికా ఖండమునకు చెందినవి. 1498లో వాస్కోడగామా వచ్చిన పిమ్మట, పోర్చుగీసు ఓడల రాకపోకల వలన మిరప మన తీరమునకు చేరింది. అంతకు ముందు కారమంటే మిరియాలు, అల్లము. నూనె అంటే ముఖ్యముగా నువ్వులనూనె. నేడు పల్లీ పంటకు పేరుపొందిన వనపర్తి, నాగర్‌కర్నూలు చేలను చూచినవారికి ఇది నమ్మశక్యము కాకపోవచ్చు!

అట్లైన నేటి ప్రసాదము ఆచారవిరుద్ధమా? పూరీ జగన్నాథుని వంటశాలలో నేటికీ మిరపకాయ వాడరని ప్రసిద్ధి. ఆ నియమము గౌరవింపదగినదే. కాని మన రైతు తన చేనిలో పండిన పల్లీలను స్వామికి సమర్పించుటలో దోషమేమియు మాకు కనబడదు.

మార్పు దినుసులకే పరిమితము కాదు. పాలమూరు మెట్టసీమ. నిత్యాహారము జొన్నరొట్టె, జొన్నసంగటి. వరి చెరువుల కిందనే పండేది. వనపర్తి సంస్థానాధీశుల శ్రీరంగాపురములో రంగనాయకస్వామి ఆలయము చెంతనే రంగసముద్రము చెరువు ఉన్నది గదా! కాలువల నీరు రాని ఆ దినములలో ఎందరో పేదలకు వరి అన్నము పండుగనాటి భోజనము. దొన్నెడు చిత్రాన్నము కొరకు పిల్లలు గుడి మెట్లపై వేచియుండుట అందువలననే.

ఇక చేయు విధానము. అన్నము పలుకుగా వార్చి, వెడల్పు పళ్ళెములో ఆరబోసి, పసుపు, ఉప్పు, కొంచెము నూనె కలపవలెను. శనగపప్పు, మినపప్పు, ఆవాలు, పల్లీలు, అల్లము, పచ్చిమిరప, కరివేపాకులతో పోపు పెట్టి దించవలెను. నిమ్మరసము పొయ్యి మీద పోయరాదు, పోసినచో చేదెక్కుతుంది. కిలో బియ్యమునకు 6, 7 కాయలు చాలును. కళాయి లేని ఇత్తడి పాత్రలో కలిపితే పులుపునకు చిలుము దిగి అన్నము చెడుతుంది. ఈ ఒక్క జాగ్రత్తను మరువవద్దని మా మనవి. సన్నగా తరిగిన కొత్తిమీరను చివరగా చల్లవలెను.

నివేదనకు ముందు రుచి చూడరాదు గనుక ఉప్పు, పులుపుల పాళ్ళు వండువారి చేతికే తెలియవలెను. వేసవి కాయకు రసము తక్కువ, ఆశ్వయుజమునాటి కాయకు ఎక్కువ. కాయను కోసి చూచి లెక్క మార్చుకొంటారు. చింతపండు పులిహోర మరునాటికైనను నిలుస్తుంది. పచ్చి కొత్తిమీర, నిమ్మరసము కలిసినది సాయంత్రానికే కమిలిపోతుంది. కనుక మధ్యాహ్న నివేదన కాగానే గంట మ్రోగించి, వేడి ఆరకముందే దొన్నెలలో పంచివేస్తారు.