దాణాలో యాంటీబయాటిక్ పరీక్ష – దినుసుల ప్రభావం

పశువుల, కోళ్ల దాణాలోను రొయ్యల మేతలోను యాంటీబయాటిక్ ఎంత ఉందో తేల్చే పరీక్షను అందులో కలిసిన దినుసులే తారుమారు చేయగలవు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతపు దాణాల్లోని తవుడు, గుల్ల, ఎండుచేపల పొడి ఇందుకు మంచి ఉదాహరణలు.

చరిత్ర: దాణాలో యాంటీబయాటిక్‌ల కథ మొదట్లోనే ఒక తెలుగువాడు ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనకు సారథ్యం వహిస్తున్న కాలంలో, అక్కడి బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ (క్లోర్‌టెట్రాసైక్లిన్) సాధించాడు. 1948లో ఆ మందు లోకానికి తెలిసింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశాడు. మందు తీయగా మిగిలిన పిప్పిని అదే సంస్థకు చెందిన థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ విటమిన్ బి12 కోసం కోడిపిల్లలకు మేపితే అవి అనుకున్నదానికన్నా బరువు పెరిగాయి. 1951లో అమెరికా దాణాలో యాంటీబయాటిక్‌లకు అనుమతినిచ్చింది. దానితో కొలిచే పనీ వచ్చిపడింది.

ఆక్స్‌ఫర్డ్‌లో నార్మన్ హీట్లీ పెన్సిలిన్ కోసం రూపొందించిన అగర్ పళ్లెం పద్ధతి ఇందుకు చక్కగా అక్కరకొచ్చింది. బాక్టీరియా పెరిగే అగర్‌పై దాణా సారం పోసి, మందు చేరినచోట ఏర్పడే ఖాళీ వలయాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. గుల్ల, సున్నపురాయిలోని కాల్షియం టెట్రాసైక్లిన్‌ను పట్టేసుకుంటే మందున్నా వలయం చిన్నదవుతుంది. అందుకే ఆమ్లం కలిపిన అసిటోన్‌తో సారం తీస్తారు. మైలుతుత్తం ఎక్కువైతే మందు లేకున్నా వలయం రావచ్చు. ఎండుచేపల పొడిలోని ఉప్పు నియోమైసిన్, స్ట్రెప్టోమైసిన్‌ల పనిని తగ్గించి చూపుతుంది. తవుడు నూనెను ముందే తీసేయాలి. మందు కలపని అదే మిశ్రమాన్ని పక్కన పెట్టి చూడని కొలతకు విలువ తక్కువ.

దాణాలో యాంటీబయాటిక్‌లపై ఆంక్షల దారిలో 1969 నాటి బ్రిటన్ స్వాన్ నివేదిక, 2006 నాటి యూరప్ నిషేధం తరువాతి మజిలీలు.

రొయ్యల మేత: రేపల్లె, నిజాంపట్నం తీరాన చెరువులు పెరిగాక సమస్య కొత్త రూపు దాల్చింది. రొయ్యల్లో క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్‌ను కిలోకు 0.3 మైక్రోగ్రాముల దాకా పసిగట్టాలని 2003లో యూరోపియన్ యూనియన్ నిర్దేశించడంతో మాస్ స్పెక్ట్రోమీటర్లు తప్పనిసరయ్యాయి. వీటికీ దినుసుల బెడద తప్పలేదు: సారంలోని ఇతర పదార్థాలు సంకేతాన్ని అణచివేస్తాయి. నైట్రోఫ్యురజోన్ అనే మందు వాడారనడానికి గుర్తుగా చూసే సెమికార్బజైడ్ రొయ్య పెంకులో సహజంగానే ఉంటుంది. కాబట్టి పెంకుల పొడి కలిసిన మేతలో ఆ మూల మందునే వెతకాలి.

పశువుల మేతల్లో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను భారత ప్రభుత్వం 2019లో నిషేధించింది. ఆంధ్రప్రదేశ్‌లో పశుదాణాకు, చేపల మేతకు వేర్వేరు నాణ్యతా చట్టాలు 2020లో వచ్చాయి.