బస్తర్ డాక్యుమెంటరీ చిత్రాలు

ఛత్తీస్‌గఢ్ దక్షిణ భాగంలోని బస్తర్ ప్రాంతపు కళాకారులను, గాయకులను, వాద్యకారులను, మామూలు మనుషుల బతుకులను కెమెరాకెక్కించిన చిత్రాల చరిత్ర ఇది. ఒకనాటి ఉమ్మడి బస్తర్ జిల్లా నేడు ఏడు జిల్లాలుగా ఉంది: బస్తర్, కొండగావ్, నారాయణ్‌పూర్, కాంకేర్, దంతెవాడ, బీజాపూర్, సుక్మా. గోండి మాండలికాలు, హల్బీ ఇక్కడి జనం నోటి భాషలు. దక్షిణపు అంచున తెలుగు వినిపిస్తుంది. ఓరుగల్లు పతనం తర్వాత కాకతీయ వంశీకుడు అన్నమదేవుడు ఇక్కడికి వచ్చి రాజ్యం నిలబెట్టాడని బస్తర్ రాజవంశం చెప్పుకుంటుంది కాబట్టి, తెలుగువారికి ఈ అడవి మరీ పరాయిదేమీ కాదు.

ఇక్కడ తీసిన చిత్రాలను వరసగా చూస్తే ఒక మార్పు స్పష్టంగా తెలుస్తుంది. మొదట్లో తెర మీద ‘తెగ’ కనిపించేది, మనిషి కనిపించేవాడు కాదు. ఆ మనిషికి పేరు దక్కడానికి, ఆ పేరుతో పాటు గొంతు దక్కడానికి అర్ధశతాబ్దం పైగా పట్టింది.

చెంద్రు

ఈ చరిత్రకు నాంది పలికింది స్వీడన్ దర్శకుడు ఆర్నె సుక్స్‌డోర్ఫ్ (1917–2001). స్టాక్‌హోమ్ నగరంపై తీసిన లఘుచిత్రానికి 1949లో ఆస్కార్ అందుకున్న ఆయన, 1951లోనే భారతదేశంలో రెండు చిన్న చిత్రాలు తీశారు. ఆ తర్వాత నారాయణ్‌పూర్ దగ్గరి గఢ్‌బెంగాల్ అనే మురియా గోండుల ఊరికి చేరి, అక్కడివాళ్ళతోనే 1957లో ‘ఎన్ జుంగెల్‌సాగా’ అనే పూర్తి నిడివి చిత్రం తీశారు. ఇంగ్లీషులో అది ‘ది ఫ్లూట్ అండ్ ది ఆరో’గా ప్రచారమైంది. రంగుల్లో, వెడల్పాటి తెరకు తీసిన ఈ చిత్రానికి సంగీతం పండిట్ రవిశంకర్ సమకూర్చారు. 1958లో కాన్ ఉత్సవంలో దీన్ని ప్రదర్శించారు.

దీన్ని అచ్చమైన డాక్యుమెంటరీ అనలేం. చిరుతపులి భయం చుట్టూ పల్చటి కథ ఒకటి అల్లి, ఊరివాళ్ళచేత వాళ్ళ పాత్రలే ఆడించారు. అయినా వేట, ఆట, పాట, పంట అన్నీ ఆ ఊరివే. అప్పటికి ఇలా తీయడం తప్పుగా ఎవరూ ఎంచలేదు. 1922లో రాబర్ట్ ఫ్లాహెర్టీ తీసిన ‘నానూక్ ఆఫ్ ది నార్త్’ నుంచీ డాక్యుమెంటరీకి అది అలవాటైన దారే. ఆ చిత్రంలో అందరి కళ్ళూ నిలిచింది పులిపిల్లతో ఆడుకునే చెంద్రు అనే కుర్రాడి మీద. దర్శకుడి భార్య ఆస్ట్రిడ్ బెర్గ్‌మన్ సుక్స్‌డోర్ఫ్ తాను తీసిన ఫోటోలతో, చెంద్రు పేరునే శీర్షికగా పెట్టి 1959లో పిల్లల పుస్తకం ప్రచురించారు. అది ఇతర భాషల్లోకీ వెళ్ళింది. ఐరోపా పిల్లలకు బస్తర్ అంటే ఆ కుర్రాడే అయ్యాడు. అతన్ని స్వీడన్ తీసుకువెళితే కొంతకాలం అక్కడ గడిపి, తిరిగి తన ఊరికే వచ్చేశాడు.

తర్వాతి కథ ఆ చిత్రంలో లేదు. చెంద్రు మండావి గఢ్‌బెంగాల్‌లోనే పెళ్ళి చేసుకుని, పిల్లల్ని కని, పేదరికంలోనే బతుకు వెళ్ళదీశారు. పాత్రికేయులు అప్పుడప్పుడూ ఆ ఊరు వెతుక్కుంటూ వచ్చి, ‘టైగర్ బాయ్’ ఇతడేనా అని ఫోటోలు తీసుకుని వెళ్ళేవారు. 2013 సెప్టెంబర్ 18న జగదల్‌పూర్ ఆస్పత్రిలో ఆయన కన్నుమూశారు. పత్రికలు వయసు 78 అని రాశాయి. ఆ లెక్క నిజమైతే చిత్రీకరణ నాటికి ఆయనకు ఇరవై దాటి ఉండాలి. తెర మీద ఉన్నదేమో పదేళ్ళు నిండీ నిండని పసివాడు. ప్రపంచమంతా ముఖం గుర్తుపట్టిన మనిషి పుట్టిన ఏడాది ఎవరూ రాసిపెట్టుకోలేదన్నమాట. ఒక జీవితాన్ని చిత్రించామని చెప్పుకునే ఏ సినిమా గురించైనా ఈ ఒక్క సంగతి మనల్ని ఆలోచింపజేయాలి. ఇప్పుడు నవా రాయ్‌పూర్ జంగిల్ సఫారీలో పులితో కూడిన చెంద్రు విగ్రహం ఉంది.

సుక్స్‌డోర్ఫ్ ఆ తర్వాత బ్రెజిల్ వెళ్ళి, 1962లో రియో డి జెనీరోలో యువ సినీ దర్శకులకు కెమెరా పాఠాలు చెప్పారు. కొత్త తరం బ్రెజిల్ సినిమా మీద ఆ పాఠాల ప్రభావం ఉంది. బస్తర్‌లో మాత్రం అలాంటి శిక్షణ ఏదీ జరగలేదు. వచ్చినవాళ్ళు తీసుకున్నారు, వెళ్ళారు.

ఘోటుల్ చుట్టూ

మురియా యువతీయువకుల సామూహిక నిలయం ఘోటుల్. దీనిపై మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1947లో పెద్ద గ్రంథం ప్రచురించారు. ఆ తర్వాత వచ్చిన విదేశీ చిత్రాల మీద ఎల్విన్ పుస్తకం నీడ కనిపిస్తుంది. 1982లో బీబీసీ మురియాల మీద ఒక డాక్యుమెంటరీ ప్రసారం చేసింది. పాట, నాట్యం, పనిపాటల్లో క్రమశిక్షణ, పెద్దల పట్ల బాధ్యత నేర్పే చోటును లైంగిక స్వేచ్ఛ ఒక్కదానికే కుదించి చూపే ధోరణి ఇలాంటి చిత్రాలతో బలపడింది. ఇది బస్తర్‌కు జరిగిన అన్యాయం. 1980ల మొదట్లో బస్తర్‌లోని అబూజ్‌మాఢ్ అడవుల్లోకి బయటివారి ప్రవేశాన్ని ప్రభుత్వం నియంత్రించింది. 2009లో ఆ ఆంక్ష ఎత్తివేశారు. ఘోటుల్ చిత్రీకరణలు రేపిన గొడవే ఆ ఆంక్ష పెట్టడానికి కారణమని అక్కడ చెప్పుకుంటారు.

లోహం, వెదురు, కుండ

కొండగావ్ పరిసరాల్లోని ఘడ్వా శిల్పుల ఇత్తడి పోత పని కెమెరాను బాగా ఆకర్షించింది. 1960ల నాటికే కలకత్తా శిల్పి మీరా ముఖర్జీ బస్తర్ వచ్చి ఈ పద్ధతి నేర్చుకున్నారు. కొండగావ్‌కు చెందిన జైదేవ్ బఘేల్ జాతీయ పురస్కారం పొంది, ఈ విద్యను విదేశీ ప్రదర్శనశాలల దాకా తీసుకువెళ్ళారు. ఆ తర్వాతే చిత్రాల్లో శిల్పి పేరు చెప్పడం మర్యాదగా మారింది.

పని తీరు ఇది. మట్టిలో వరిపొట్టు కలిపి బొమ్మ కడుపు చేస్తారు. ఎండాక దానికి చిక్కుడాకు పసరు రుద్ది నున్న చేస్తారు. తేనెమైనాన్ని కొయ్య గొట్టంలో వేసి నొక్కితే సన్నటి దారంలా దిగుతుంది. ఆ దారాన్ని పోగు పక్కన పోగుగా బొమ్మ నిండా చుడతారు. కళ్ళు, నగలు, గుర్రం జూలు అన్నీ మైనంతోనే. పైన మెత్తటి మట్టి, దానిపైన పుట్టమన్ను పూసి, కొలిమిలో పెడతారు. మైనం కరిగిపోతుంది, అది ఖాళీ చేసిన దారిలోకి కరిగిన ఇత్తడి దిగుతుంది. చల్లారాక మట్టి పగలగొడితే బొమ్మ బయటపడుతుంది. అచ్చు పగిలిపోతుంది కాబట్టి అలాంటి బొమ్మ ఇంకొకటి రాదు.

డాక్యుమెంటరీకి ఇంతకంటే మంచి సరుకు దొరకదనిపిస్తుంది. చిక్కు ఎక్కడంటే, అసలు ఘట్టం మట్టి లోపల జరుగుతుంది. మైనం ఎప్పుడు పూర్తిగా పోయింది, లోహం ఎప్పుడు నిండింది అన్నది ఏ కెమెరాకూ కనబడదు. మంట రంగు, వాసన చూసి శిల్పి పట్టుకుంటాడు. ఆయన నోరు విప్పి చెబితే తప్ప ఆ చిత్రం సగమే. చేతులు మాత్రమే చూపించి, వెనక నుంచి ఎవరో హిందీలోనో ఇంగ్లీషులోనో వ్యాఖ్యానం చదివే పాత పద్ధతి అందుకే ఈ పని దగ్గర విఫలమైంది.

వెదురు పని సంగతీ అంతే. నోటితో ఊదకుండా గాలిలో విసిరితే మోగే పిల్లనగ్రోవిని ఇక్కడ సులూర్ అంటారు. దాని మీద కాల్చిన ఇనుపముక్కతో చారలు, చేపలు, ముగ్గుల్లాంటి గీతలు దిద్దుతారు. అడవిలో నడిచేటప్పుడు జంతువులు దూరంగా పోవడానికి దీన్ని విసురుతూ వెళ్ళడం వాడుక. చెయ్యి తిరిగే వేగాన్ని బట్టి నాదం మారుతుంది కనుక ధ్వని సరిగ్గా పట్టని వీడియోలో ఇది ఉత్త వెదురుబద్ద. ఈ వాద్యం తయారీతో, కొయ్య చెక్కడంతో పేరు తెచ్చుకున్న పండీరామ్ మండావికి 2025లో పద్మశ్రీ ప్రకటించారు. ఆయనది కూడా గఢ్‌బెంగాలే. పురస్కారం రాగానే ఆయన మీద వీడియోలు వెల్లువెత్తాయి. వాటిలో చాలావరకు రెండు మూడు నిమిషాల అభినందనలు. ఓపికగా కూర్చుని ఆయన చేత మాట్లాడించినవే నిలుస్తాయి.

కొండగావ్, జగదల్‌పూర్ వైపు స్త్రీలు పాడే జగార్ గాథలు రాత్రుళ్ళ తరబడి సాగుతాయి. పాడే ఆమెను గురుమాయి అంటారు. ఆమె ముందు కుండ, కుండ మీద చేట, చేట మీద ఆన్చిన విల్లు. గాట్లు పెట్టిన ఆ విల్లును వెదురుపుల్లతో రాపాడిస్తుంటే వచ్చే ధ్వనే తాళం. ఆ వాద్యం పేరు ధన్‌కుల్. క్రిస్ గ్రెగరీ, హరిహర్ వైష్ణవ్ కలిసి 2003లో లక్ష్మీ జగార్ గాథను పుస్తకంగా తెచ్చినప్పుడు గురుమాయి సుక్‌దాయి పేరును శీర్షికలోనే పెట్టారు. బస్తర్ ప్రదర్శన కళల దృశ్య నమోదుకు ఇది దారి చూపింది. ఈ గాథ ‘బస్తర్‌ది’ అని ఊరుకోకుండా, పాడినది ఎవరో చెప్పాలన్న పట్టింపు అక్కడ గట్టిగా కనిపిస్తుంది.

రంగస్థలం వైపు నుంచి వచ్చిన దారి వేరు. నాటక దర్శకుడు హబీబ్ తన్వీర్ నయా థియేటర్ బృందంపై సంజయ్ మహర్షి, సుధన్వ దేశ్‌పాండే తీసిన డాక్యుమెంటరీ ఛత్తీస్‌గఢ్ నటుల జీవితాలను దగ్గరగా చూపింది. 1966లో జగదల్‌పూర్ రాజమహల్‌లో పోలీసు కాల్పుల్లో మరణించిన బస్తర్ రాజు ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్ కథ స్ఫూర్తితో తన్వీర్ ‘హిర్మా కీ అమర్ కహానీ’ నాటకం రాశారు. అదే బృందంలో పనిచేసిన అనూప్ రంజన్ పాండే ఆదివాసీ వాద్యాలను సేకరించి ‘బస్తర్ బ్యాండ్’ నెలకొల్పి, 2019లో పద్మశ్రీ అందుకున్నారు.

పేరు చెబితే ప్రమాదం

2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం మొదలయ్యాక బస్తర్‌పై తీసిన చిత్రాల స్వభావమే మారిపోయింది. ఊళ్ళు ఖాళీ అయ్యాయి. చాలామంది గోదావరి దాటి నేటి తెలంగాణ, ఆంధ్ర అడవుల్లోకి వచ్చేశారు. మనం గుత్తికోయలంటున్నది వాళ్ళనే. ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2013లో సంజయ్ కాక్ ‘రెడ్ యాంట్ డ్రీమ్’ వచ్చింది. బస్తర్ మావోయిస్టు ఉద్యమాన్ని, ఒడిశాలోని నియమగిరి పోరాటాన్ని, పంజాబ్‌లో భగత్‌సింగ్ వారసత్వాన్ని ఒకే దండలో గుచ్చిన చిత్రమిది.

ఇక్కడ మనిషికి పేరు దక్కాలన్న కోరికే తలకిందులైంది. పేరు, ముఖం, ఊరు చెబితే ఒక వైపు నుంచి ఇన్‌ఫార్మరన్న ముద్ర, ఇంకో వైపు నుంచి కేసు. కెమెరా ముందు మాట్లాడిన మనిషిని కాపాడడానికి ముఖాలు మసకబార్చారు, పేర్లు మార్చారు. కళాకారుడి పేరు చెప్పకపోతే దోపిడీ, పల్లెటూరి సాక్షి పేరు చెబితే ప్రాణాపాయం. రెండూ ఒకే అడవిలో, ఒకే కాలంలో నిజం. ఏది ఎక్కడ పాటించాలో తెలిసిన దర్శకుడే బస్తర్‌లో చిత్రం తీయడానికి అర్హుడు.

స్థానికుల కెమెరా

చవక ఫోన్లు, ఇంటర్నెట్ వచ్చాక కెమెరా బస్తర్‌వాసుల చేతికే వచ్చింది. గోండి, హల్బీ పాటలు, మేళాలు, 75 రోజుల బస్తర్ దసరా, ఊరి వృద్ధుల జ్ఞాపకాలు ఇప్పుడు వాళ్ళే తీస్తున్నారు. వీటిలో కూర్పు అంతంతమాత్రం. కానీ తీసేవాడికి ఎదుటివాడి భాష వచ్చు, వరస కలిపి పిలవడం వచ్చు. అరవై ఏళ్ళ పాటు బయటి బృందాలకు లేనిదదే.

బీజాపూర్‌కు చెందిన ముకేశ్ చంద్రాకర్ ‘బస్తర్ జంక్షన్’ అనే యూట్యూబ్ చానెల్‌లో ఇలాంటి పనే చేశారు. మారుమూల పల్లెలకు వెళ్ళి, రోడ్డు, బడి, వైద్యం లేని కుటుంబాల చేత మాట్లాడించారు. 2021లో మావోయిస్టుల చెరలో ఉన్న సీఆర్‌పీఎఫ్ జవానును విడిపించి తెచ్చిన బృందం వెంట ఆయన కూడా ఉన్నారు. రోడ్డు పనిలో అవినీతిపై కథనం తర్వాత ఆయన కనిపించకుండా పోయారు. 2025 జనవరి 3న బీజాపూర్‌లోనే ఒక సెప్టిక్ ట్యాంకులో మృతదేహం దొరికింది. ఆ కేసులో ఒక కాంట్రాక్టరుతో సహా పలువురిని పోలీసులు అరెస్టు చేశారు.