షుగర్ ఉన్నవారి గుండె: నొప్పి లేకపోయినా జబ్బు ఉండొచ్చు

షుగర్ ఉన్నవారికి గుండెజబ్బు వస్తే ఛాతీలో నొప్పి వచ్చి తీరాలని లేదు. ఏళ్ల తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే నరాలు మొద్దుబారతాయి. పాదంలో ముల్లు దిగినా తెలియనట్టే, గుండెకు రక్తం చాలకపోయినా నొప్పి తెలియకపోవచ్చు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, ఉన్నట్టుండి చెమటలు, కడుపు ఉబ్బరం, విపరీతమైన నీరసం మాత్రమే కనిపిస్తాయి. ఇంట్లోవాళ్లు గ్యాస్ అనో, వయసు ప్రభావం అనో సరిపెట్టుకుంటారు. ఆస్పత్రికి వెళ్లేసరికి ఆలస్యమైపోతుంది.

గుండె పనితీరును ఎలా కొలుస్తారు?

విశ్రాంతిగా ఉన్నప్పుడు ఆరోగ్యంగా ఉన్న గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని పంపు చేస్తుంది. అయితే కొట్టుకున్న ప్రతిసారీ ఎడమ గదిలోని రక్తమంతా బయటికి పోదు. సుమారు 55 నుంచి 70 శాతం దాకా పోతే మామూలే. ఎకో పరీక్ష రిపోర్టులో 'ఈఎఫ్' అని రాసి ఉండేది ఈ లెక్కే. అది 40 లేదా అంతకన్నా తక్కువ ఉంటే పంపింగ్ బాగా తగ్గినట్టు. 41 నుంచి 49 మధ్య ఉంటే కొద్దిగా తగ్గినట్టు.

ఈఎఫ్ 50 దాటిందని నిశ్చింతగా ఉండటానికి లేదు. షుగర్, బీపీ, అధిక బరువు ఉన్న చాలామందిలో గుండె కండరం గట్టిపడుతుంది. పంపింగ్ బాగానే ఉన్నా, రక్తం నిండేటప్పుడు గుండె సరిగ్గా వదులు కాదు. దాంతో వెనక ఒత్తిడి పెరిగి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, కాళ్లు వాస్తాయి. ఇలాంటి అనుమానం ఉంటే ఎకోతో పాటు బీఎన్‌పీ రకం రక్తపరీక్ష కూడా రాస్తారు.

షుగర్ రెండు వైపుల నుంచి దెబ్బతీస్తుంది. ఒకటి, గుండెకు రక్తం తెచ్చే నాళాల్లో కొవ్వు పేరుకుని పూడుకుపోతాయి. రెండు, నాళాలు బాగున్నా కండరమే బలహీనపడవచ్చు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో ఏళ్ల తరబడి సాగిన అధ్యయనం ఫలితాలు 1974లో వచ్చాయి. షుగర్ లేనివారితో పోలిస్తే, షుగర్ ఉన్న మగవారిలో గుండె వైఫల్యం రెండింతలకు పైగా, ఆడవారిలో ఐదింతలు ఎక్కువగా కనిపించింది. అందుకే ఇంట్లో అమ్మకో, అత్తమ్మకో ఆయాసం వస్తే తేలిగ్గా తీసుకోకూడదు.

మందుల్లో వచ్చిన మార్పు

ఒకప్పుడు షుగర్ మందు పని చక్కెర తగ్గించడం వరకే అనుకునేవారు. 2015లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన ఆ అభిప్రాయాన్ని మార్చింది. షుగర్, గుండెజబ్బు రెండూ ఉన్న 7 వేల మందిపై ఎంపాగ్లిఫ్లోజిన్ మందును పరీక్షిస్తే, గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల మరణాలు 38 శాతం, గుండె వైఫల్యంతో ఆస్పత్రిలో చేరడం 35 శాతం తగ్గాయి. ఇదే కోవకు చెందిన డాపాగ్లిఫ్లోజిన్ షుగర్ లేని గుండె రోగులకు కూడా మేలు చేస్తుందని 2019లో తేలింది. ఈ మందులు అదనపు చక్కెరను మూత్రం ద్వారా బయటికి పంపుతాయి.

ఖర్చు సంగతి కూడా మారింది. మన దేశంలో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ 2020లో, ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ 2025లో ముగియడంతో ఎన్నో కంపెనీలు తయారు చేస్తున్నాయి. ధరలు బాగా దిగాయి. ఖరీదని అప్పట్లో వద్దనుకున్నవారు డాక్టర్‌ను మళ్లీ అడగొచ్చు.

ఈఎఫ్ తగ్గినవారికి ఈ మందుతో పాటు మరో మూడు రకాలు ఇస్తారు: రక్తనాళాలను వదులు చేసేవి, బీటా బ్లాకర్లు, స్పైరనోలాక్టోన్ లాంటివి. నీరు చేరితే మూత్రం మాత్రలు కలుపుతారు. ఆయాసం తగ్గింది కదా అని ఇవి సొంతంగా ఆపేస్తే గుండె మళ్లీ బలహీనపడే ప్రమాదం ఉంది.

నాళాలు ఒకటికి మించి పూడుకున్న షుగర్ రోగులకు స్టెంటా, బైపాసా అన్న ప్రశ్న వస్తుంది. 1,900 మందిపై జరిగి 2012లో వెలువడిన పరిశోధనలో, ఇలాంటివారికి బైపాస్ ఆపరేషనే ఎక్కువ మేలు చేసింది. అయితే వయసు, కిడ్నీల పరిస్థితి చూసి డాక్టర్లు నిర్ణయిస్తారు.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

- గుండె వైఫల్యం ఉన్నవారికి పియోగ్లిటాజోన్ పనికిరాదు, ఒంట్లో నీరు పెంచుతుంది. పాత చీటీలో ఉందేమో చూపించి కనుక్కోవాలి.
- మోకాళ్ల నొప్పులకని మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు వేసుకోవద్దు. ఇవీ నీరు పట్టేలా చేస్తాయి.
- బీటా బ్లాకర్ వాడేవారికి షుగర్ పడిపోయినప్పుడు గుండెదడ తెలియకపోవచ్చు. ఉన్నట్టుండి చెమటలు పడితే వెంటనే షుగర్ చెక్ చేయాలి.
- ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ వాడేవారు వాంతులు, విరేచనాలు అయినా, తిండి సహించకపోయినా, ఆపరేషన్ ఉన్నా మందు గురించి డాక్టర్‌ను ముందే అడగాలి. మర్మాంగాల దగ్గర దురద, మంట వస్తే సిగ్గుపడకుండా చెప్పాలి.
- రోజూ ఉదయం బరువు చూసుకోవాలి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది నీరు కావచ్చు, డాక్టర్‌కు చెప్పాలి.
- అచార్, అప్పడాలు, నమ్‌కీన్ తగ్గించాలి. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూన్, దాటకూడదు.

రంజాన్‌లో ఉపవాసం ఉండాలనుకునే గుండె, షుగర్ రోగులు 6 నుంచి 8 వారాల ముందే డాక్టర్‌ను కలవాలి. మాత్రల మోతాదు, సహరీ, ఇఫ్తార్ వేళలకు తగ్గట్టు మార్చాల్సి ఉంటుంది. రోజంతా నీళ్లు తాగకుండా మూత్రం మాత్రలు వాడితే బీపీ పడిపోవచ్చు. ఇటీవలే గుండెపోటు వచ్చినవారు, గుండె వైఫల్యం అదుపులో లేనివారు రోజా ఉండకూడదని డాక్టర్లు చెబుతారు. జబ్బుతో ఉన్నవారికి ఇస్లాంలో మినహాయింపు ఉంది.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు షుగర్ రిపోర్టు ఒక్కటే పట్టుకెళ్తే చాలదు. మూడు నెలల సగటు షుగర్, బీపీ, చెడు కొలెస్ట్రాల్, క్రియాటినిన్, పొటాషియం, ఈఎఫ్ రిపోర్టులన్నీ ఒకే ఫైల్లో పెట్టుకోవాలి. పడుకుంటే ఊపిరాడకపోయినా, చెమటలతో ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.