పాళ్లు, ముద్రలు: ఫాంటసీ కథల్లో భూతతత్త్వం, పాత్ర స్వభావం

నిప్పు, నీరు, గాలి, నేల అనే భూతాలను ఆధారం చేసుకుని పాత్రల స్వభావాలను తీర్చడం ఫాంటసీ రచనలో బాగా నలిగిన పద్ధతి. నిప్పుకు చెందినవాడు కోపిష్ఠి, నీటికి చెందినది జాలిగుండె, నేల మనిషి మొండివాడు, గాలి మనిషి నిలకడ లేనివాడు అన్న జాబితా పాఠకులకు ముందే తెలుసు. పాత్ర మొదటి పుటలోనే అర్థమైపోతుంది, చివరి పుటదాకా అంతే ఉంటుంది. ఈ పద్ధతికి మూలమైన ప్రాచీన వైద్య సిద్ధాంతాల్లో మాత్రం ఇంత బిగుసుకుపోయిన జాబితా లేదు. అక్కడ భూతం మనిషి మీద వేసిన ముద్ర కాదు, అతనిలోని మిశ్రమంలో ఒక పాలు. ఫాంటసీలో ఈ పద్ధతి ఎక్కడ పండిందో, ఎక్కడ ఎండిందో గమనిస్తే తేడా ఎక్కువగా ఈ దగ్గరే కనిపిస్తుంది.

క్రీ.పూ. 5వ శతాబ్దంలో సిసిలీ ద్వీపానికి చెందిన ఎంపెడోక్లిస్ సృష్టికి నాలుగు మూలాలను చెప్పాడు. వాటిని కలిపే శక్తి ప్రేమ, విడదీసే శక్తి కలహం అన్నాడు. అరిస్టాటిల్ వాటిని వేడి, చలువ, తడి, పొడి అనే గుణాల జంటలుగా విడమరిచాడు: నిప్పు వేడి, పొడి; గాలి వేడి, తడి; నీరు చలువ, తడి; నేల చలువ, పొడి. గ్రీకు వైద్యులు శరీరంలోని నాలుగు ద్రవాలను ఈ చట్రంలోనే అమర్చారు. పసుపు పిత్తం నిప్పుకు, రక్తం గాలికి, కఫం నీటికి, నల్ల పిత్తం నేలకు సరిజోడు అయ్యాయి. క్రీ.శ. 2వ శతాబ్దపు వైద్యుడు గాలెన్ లెక్కలో ప్రకృతులు తొమ్మిది. ఒకే గుణం మించినవి నాలుగు, రెండు గుణాలు మించినవి నాలుగు, అన్నీ సమంగా కుదిరినది ఒకటి. అతని దృష్టిలో ఆరోగ్యమంటే ఆ చివరిదానికి దగ్గరగా ఉండటం.

భారతీయ వైద్యంలోనూ ఇంచుమించు ఇదే చూపు ఉంది. వాతానికి గాలి, ఆకాశం; పిత్తానికి ప్రధానంగా అగ్ని; కఫానికి నీరు, నేల ఆధారాలని ఆయుర్వేదం చెబుతుంది. సుశ్రుతసంహిత శారీరస్థానం నాలుగో అధ్యాయం ఈ మూడు ప్రకృతుల మనుషుల నడక, నిద్ర, స్నేహం, కోపం ఎలా ఉంటాయో వివరించి, రెండు మూడు దోషాలు కలిసిన ప్రకృతులను కూడా చేర్చింది. భూతాల పేర్లతోనే మనుషుల్ని విభజించేవారి మతాన్నీ అక్కడే ప్రస్తావించింది. నేల ప్రకృతి మనిషి దృఢకాయుడు, ఓర్పు గలవాడు. ఆకాశ ప్రకృతి మనిషి శుచి గలవాడు, దీర్ఘాయువు. నేటి నవలాకారుడు పాత్రల పట్టికలో రాసుకునే మాటలకు ఇవి చాలా దగ్గరి చుట్టాలు.

పాళ్ల లెక్క ముద్రగా మారడానికి ఎక్కువ తోడ్పడినవాడు పారాసెల్సస్. అతను 1541లో మరణించాక, 1566లో అచ్చయిన గ్రంథంలో నాలుగు భూతాలకూ నాలుగు జాతుల జీవులు ఉన్నాయి: నీటికి ఉండీన్‌లు, గాలికి సిల్ఫ్‌లు, నేలకు నోమ్‌లు, నిప్పుకు సాలమాండర్‌లు. వీళ్లు మనుషుల్లా తింటారు, మాట్లాడతారు, పిల్లల్ని కంటారు. ఆత్మ మాత్రం ఉండదు. మనిషిలో అన్నీ కలిసి ఉంటే ఈ జీవి ఒకే భూతానికి కట్టుబడి ఉంటుంది. యూరప్ సాహిత్యం ఈ జీవుల్ని రెండు చేతులతో అందుకుంది. అలెగ్జాండర్ పోప్ 1714లో విస్తరించి ప్రచురించిన వ్యంగ్యకావ్యం ‘ది రేప్ ఆఫ్ ది లాక్’లో స్త్రీలు చనిపోయాక వాళ్ల స్వభావాన్ని బట్టి ఈ జాతుల్లో చేరతారు. గయ్యాళులు నిప్పుజీవులవుతారు, మెత్తని మనసువాళ్లు నీటిలోకి, బిగువు నటించేవాళ్లు నేలలోకి, వయ్యారులు గాలిలోకి పోతారు. పోప్‌కు ఇదంతా వేళాకోళం. తర్వాతి రోజుల్లో కొన్ని ఫాంటసీ కథలు ఇదే వర్గీకరణను నవ్వు తీసేసి నిజమని నమ్మించబోయాయి.

ముద్రను కథగా మలిచిన తొలి గొప్ప ఉదాహరణ జర్మన్ రచయిత ఫూకే 1811లో వెలువరించిన ‘ఉండీన్’. జాలరి దంపతుల ఇంట పెరిగిన నీటికన్య ఉండీన్ ఎప్పుడు నవ్వుతుందో ఎప్పుడు అలుగుతుందో తెలియని పిల్ల. హుల్డ్‌బ్రాండ్ అనే యోధుణ్ణి పెళ్లాడటంతో ఆమెకు ఆత్మ కలుగుతుంది. దానితోపాటు ఓర్పు, దుఃఖం కూడా వస్తాయి. విచిత్రమేమంటే, ఆమె స్వభావం మారాక కూడా భూతం ఆమెను వదలదు. భర్త నీటి మీద ఆమెను దూషిస్తే నీటిలోకి తిరిగి వెళ్లిపోవాలి, అతను మళ్లీ పెళ్లి చేసుకున్న రోజున వచ్చి ప్రాణం తీయాలి. ఆ రెండూ ఆమె ఇష్టం కాదు, ఆమె జాతి ధర్మం. తన గుణానికీ తన భూతానికీ మధ్య ఇరుక్కోవడమే ఆ కథకు బలం.

టోల్కీన్ ‘ది సిల్మరిలియన్’ (1977) ఈ పనిని మరోలా చేసింది. ఎల్ఫ్‌లలో అందరికన్నా నేర్పరి ఫెయనోర్‌ పేరులోనే నిప్పు ఉంది. అతన్ని కన్న తల్లి మీరియెల్ శక్తి ఉడిగి బతుకు మీద ఆశ వదులుకుంటుంది. అతను చేసిన మణుల్లో వెలుగుంది, అతను పట్టించిన ప్రతిజ్ఞలో దహనం ఉంది, లోస్‌గార్ తీరంలో ఓడలను తగలబెట్టించినవాడూ అతనే. చనిపోగానే దేహం బూడిదైపోతుంది. నిప్పు ఇక్కడ కోపానికి మారుపేరు కాదు. ప్రతిభ, స్వార్థం, విధ్వంసం మూడూ ఒకే వేడి నుంచి పుడతాయి. నేలకు, చేతిపనికి అధిపతి అయిన ఔలే విషయం ఇంకా సూక్ష్మమైనది. ఆత్రం పట్టలేక రహస్యంగా మరుగుజ్జు జాతిని తయారుచేస్తాడు, తప్పు తెలిశాక వాళ్లను పగలగొట్టడానికి సుత్తి ఎత్తుతాడు, క్షమ పొందుతాడు. సౌరాన్, సారుమాన్ ఇద్దరూ మొదట అతని పరివారమే. వస్తువును చేయాలన్న ఒకే కోరిక ఒకరిలో వినయంగా, మరొకరిలో పెత్తనంగా తేలడం టోల్కీన్ పట్టుకున్న మర్మం.

చైనా ‘పశ్చిమ యాత్ర’ నవల (1592 నాటి ప్రతి) వేరే చట్రం మీద నడుస్తుంది. కర్ర, నిప్పు, మన్ను, లోహం, నీరు అనే ఐదు దశలు ఒకదాన్నొకటి పుట్టిస్తాయి, ఒకదాన్నొకటి అణుస్తాయి. కోతి వీరుడు సున్ వుకోంగ్ లోహానికి, పందిమొహం బజియే కర్రకు, శా వుజింగ్ మట్టికి ప్రతినిధులు. వాళ్ల కీచులాటలు, సర్దుబాట్లు ఆ సంబంధాల ప్రకారమే అమరుతాయి కనుక, స్వభావం ఒక్కొక్కరిలో విడిగా కాక ఇద్దరి మధ్య పుడుతుంది.

ఈ కాలంలో భూతాల మీద అత్యంత శ్రద్ధగా కట్టిన కథ అమెరికన్ యానిమేషన్ ధారావాహిక ‘అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్’ (2005–2008, 61 భాగాలు). నాలుగు జాతులున్నాయి, ప్రతి జాతిలో కొందరు తమ భూతాన్ని ఆడించగలరు. దీని రూపకర్తలు స్వభావాన్ని మాటల్లో కాక ఒంటి కదలికలో పెట్టారు. నీటికి తాయ్‌చీ, నేలకు హుంగ్ గార్, నిప్పుకు ఉత్తర షావోలిన్, గాలికి బాగువా పద్ధతులు ఆధారం. నాలుగు విద్యలూ నేర్వవలసిన గాలి పిల్లవాడు ఆంగ్ ఎప్పుడూ పక్కకు జరిగిపోతాడు, కష్టమైన నిర్ణయం వచ్చినా అంతే. అందుకే నేలవిద్య అతనికి పట్టుబడదు. అంధురాలైన గురువు టోఫ్ అతన్ని ఎదురుగా నిలబడమంటుంది. అతను నేర్చుకోవలసింది చేతి విసురు కాదు, కదలకుండా ఉండటం.

నిప్పు జాతిలో ఒకే ఇంటి ముగ్గురిని పక్కపక్కన పెట్టడం ఈ కథలోని అతి చక్కని ఎత్తుగడ. జూకో నిప్పు పగతో మండుతుంది. పగ చల్లారాక విద్యే సన్నగిల్లుతుంది. ప్రాచీన సూర్యయోధుల శిథిల నగరానికి వెళ్లి, రెండు డ్రాగన్‌ల ముందు నిలబడి, నిప్పు అంటే ప్రాణమని గ్రహించాకే అది తిరిగి వస్తుంది. అతని పెదనాన్న ఐరోది పొయ్యి కింది నిప్పు; టీ కాచుకుంటూ, మెరుపును దారి మళ్లించే ఉపాయం నీటిజాతివాళ్లను చూసి కనిపెట్టినవాడు. జూకో చెల్లెలు అజూలా నిప్పు నీలం రంగుది, కొలిచినట్టు కచ్చితమైనది, జాలి తెలియనిది. కోపిష్ఠి నిప్పు అన్న సూత్రానికి ముగ్గురిలో ఒక్కడే సరిపోతాడు, అతనూ ఆ సూత్రంలోంచి బయటపడతాడు. నీటి వైపు చూస్తే, గాయాలు మాన్పే కటారాకు అదే విద్యతో మనుషుల ఒంట్లోని నెత్తురును ఆడించే దారి కూడా తెలుస్తుంది. జాలి, క్రౌర్యం రెండూ నీటికి చేతనవునని అక్కడ తేలుతుంది.

తెలుగు పాఠకుడికి ఈ చర్చ కొత్తదేమీ కాదు; భారత రామాయణాల్లో భూతం పుట్టుకగా, బంధుత్వంగా వస్తుంది. అవి ఫాంటసీ కావు గానీ, మన ఫాంటసీకి గని అవే. భీముడు, హనుమంతుడు ఇద్దరూ వాయుపుత్రులు. సౌగంధిక ఘట్టంలో తమ్ముడు అన్న తోకను కదపలేక చెమటలు కక్కుతాడు. ఒకే గాలి ఒకరిలో దూకుడు, మరొకరిలో నిగ్రహం. ద్రౌపది, ధృష్టద్యుమ్నుడు ఒకే యజ్ఞాగ్నిలోంచి వచ్చినా ఆ అగ్ని ఇద్దరికీ ఇచ్చింది ఒకే గుణం కాదు, వేరువేరు పనులు. గంగ కొడుకు భీష్ముడైతే మాట మీద బండరాయి. ముద్రల జాబితాతో ఈ పాత్రల్లో ఒక్కటీ రాయడం కుదరదు.

రాజమౌళి ‘ఆర్‌ఆర్‌ఆర్’ (2022) ఇద్దరు చారిత్రక వ్యక్తులకు కల్పిత స్నేహం కట్టి, రామ్‌ను నిప్పుగా, భీమ్‌ను నీరుగా బాహాటంగానే ప్రకటించింది. వాళ్లు కలిసేది కూడా నదిలో మంటల మధ్య చిక్కిన పిల్లవాణ్ణి కాపాడటానికి. అయితే ఇక్కడి నిప్పు ఎగసిపడేది కాదు. ఊరికి ఇచ్చిన మాట కోసం ఏళ్ల తరబడి తెల్లదొరల కొలువులో దాగిన నిప్పు. నీరు కూడా చల్లగా ఊరుకోదు, అడవి మృగాలను వెంటేసుకుని భవనం మీద పడుతుంది. ఆ మేరకు సినిమా తన సూత్రాన్ని తానే దాటింది. పాటల్లో, రంగుల్లో, దుస్తుల్లో నిప్పూ నీరూ అంటూ పదే పదే గుర్తుచేయడం మాత్రం అవసరానికి మించినట్టే తోస్తుంది.

ఐదో భూతమైన ఆకాశం పాత్రగా మారిన సందర్భాలు అరుదు. అరిస్టాటిల్ దాన్ని మార్పులేని ఖగోళానికి కేటాయించాడు. మార్పు లేనిచోట కథకు పని లేదు. సుశ్రుతుడి ఆకాశ ప్రకృతి మనిషికీ కలహం పెట్టదగిన గుణం ఏదీ కనిపించదు. అందువల్ల ఫాంటసీ రచయితలు ఐదో స్థానాన్ని తరచు మిగతా నాలుగింటినీ కలిపే శక్తికి ఇస్తారు. ‘అవతార్’లో అలా నాలుగింటినీ కలిపే ఆంగ్ నాలుగు విద్యలూ నేర్చినా గాలి సన్యాసుల శిక్షణ అతన్ని వదలదు. చివరి పోరులో నిప్పు జాతి చక్రవర్తి ఓజాయ్‌ని చంపడానికి చేయి రాక, అతని నిప్పువిద్యను మాత్రం లాగేసి ప్రాణంతో వదిలేస్తాడు.