ఈజిప్టు పల్లెబడులు

నైలు నదీతీర గ్రామములందు శతాబ్దములపాటు సామాన్యుల బిడ్డలకు లభించిన విద్యాలయము ‘కుత్తాబ్’ అను ఖురాను బడి మాత్రమే. అచ్చట గురువు చుట్టును నేలపై గూర్చుండిన బాలురు, పలకలపై వ్రాసిన పవిత్రవాక్యములను తుడిచి మరల వ్రాయుచు, గ్రంథమంతయు కంఠస్థము చేయుటయే విద్యకు పరమావధిగా నెంచుచుండిరి. ధారణాశక్తికి అది గొప్ప సాధనమే. కాని వల్లించిన బాలుడు పెద్దవాడై తనకు వచ్చిన ఉత్తరమును తానే చదువుకొనగలడన్న పూచీ లేకుండెను, అదియే నా మనస్సును కలచు విషయము.

ఈజిప్టు పాలకుడైన మహమ్మదు ఆలీ పాషా, తన సైన్యమునకు వైద్యులును ఇంజనీర్లును కావలసివచ్చి, నూతన పాఠశాలలు నెలకొల్పి, 1826లో విద్యార్థులను పారిస్ నగరమునకు పంపెను. వారి వెంట ఇమాముగా నేగిన రిఫాఆ అల్ తహ్తావీ మరలివచ్చి, భాషాపాఠశాల నడపి, ఫ్రెంచి గ్రంథములను అరబ్బీలోనికి దెచ్చుటయే గాక, బాలికలకును విద్య కావలెనని వాదించెను. ఆ కాలమున అట్లు వ్రాయుటకు ఎంతటి ధైర్యము కావలెను! అయినను ఆ వెలుగు పల్లెలకు ప్రాకలేదు. 1882లో బ్రిటిషువారు దేశము నాక్రమించిన పిమ్మట విద్యావ్యయము సంకుచితమై, బోధనారుసుములు చెల్లింపజాలని పేదలకు ప్రభుత్వ పాఠశాలల ద్వారములు మూతవడెను.

శైశవముననే చూపు గోల్పోయి, ఇట్టి కుత్తాబులోనే చదువు మొదలిడి, పిదప కైరోలోని అల్ అజ్‌హర్ విశ్వవిద్యాలయములోను పారిస్‌లోను విద్యనార్జించిన తాహా హుసేను, 1950లో విద్యామంత్రి యయ్యెను. గాలియు నీరును వలె చదువును అందరికిని దక్కవలెనని పట్టుబట్టిన ఆయన కాలముననే మాధ్యమిక పాఠశాలలలో బోధనారుసుములు రద్దయ్యెను.