కరువు పనిగా లేచిన దేవాలయము

పటాన్‌చెరు కార్ఖానాలకు బ్రతుకుతెరువు వెదకుచు వచ్చి, తలదాచుకొను చోటు లేక, మూసిన దుకాణముల అరుగుల మీదను, కట్టుబడి సాగుచున్న మేడల క్రిందను మేను వాల్చు కూలీలను అమీన్‌పూరు దారులలో చూచినప్పుడెల్ల నాకు మెదకు క్రైస్తవ దేవాలయము జ్ఞప్తికి వచ్చును. 2016 వరకు మాదియు మెదకు జిల్లాయే.

చార్లెస్ వాకర్ పాస్నెట్ అను వెస్లియన్ మిషనరీ 1895లో సికింద్రాబాదునకు వచ్చి, అనతికాలములోనే మెదకు చేరెను. మొదటి ప్రపంచయుద్ధపు రోజులలో క్షామము కమ్ముకొని, గింజ పుట్టక జనము దిక్కుదోచక తిరుగుచుండగా, ఆయన దేవాలయ నిర్మాణమునే కరువు పనిగా చేసెను. ఊరక పోసిన గంజి ఆకలిని తీర్చును. పనికి దక్కిన కూడు ఆకలితోపాటు అభిమానమును గూడ కాచును. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఆ ఆలయము పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. గోపురము ఎత్తు 175 అడుగులు. లోపల ఐదువేలమంది కూర్చుండవచ్చును. ఊరి గుడి గడప త్రొక్కనీయని మాల మాదిగలే ఆనాటి మిషను సంఘములలో అధికులు. పాస్నెట్ దొర పేరు అందరి నోటను నిలిచినది. తట్టలు మోసిన తల్లుల పేర్లు ఏ రాతిమీదను చెక్కబడలేదు. ఈ కొరత నన్ను ఇప్పటికిని బాధించును.

ఇట్టి కరువు పనియే అంతకు మునుపును జరిగెను. ధాత సంవత్సరపు కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును గుత్తకు పుచ్చుకొని మాదిగలకు పని చూపెను. కూటికొరకు మతము పుచ్చుకొనిరన్న మాట రాకుండ, ఆ పని సాగినంతకాలము ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. పని ముగిసిన పిమ్మట, 1878 జూలై 3న, ఒక్కదినమున 2,222 మంది గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మము పొందిరి. వెలిపడినవారు సాయము పొందుటే కాదు, చేసిన కథయు కలదు. సముద్రముల కావల అమెరికాలోని ఫిలడెల్ఫియాలో, 1793 నాటి పచ్చజ్వరపు దినములలో, బానిసత్వమున పుట్టిన రిచర్డ్ ఆలెన్, ఆబ్సలోం జోన్స్ ముందు నడువగా నల్లజాతివారు రోగులకు పరిచర్య చేసి శవములను మోసిరి. మరుసటియేడే ఆలెన్ బెతెల్ దేవాలయమును నెలకొల్పెను. తమను వెలిగా నిలిపిన ఊరికే వారు ఊడిగము చేసిరి.

మెదకు దేవాలయములో మూడు గాజుకిటికీలు కలవు. ఆరోహణము 1927లోను, జననము 1947లోను, సిలువ 1958లోను అమరినవి. వెలుగు వెలుపలినుండి రావలెను గనుక ప్రొద్దు గ్రుంకినంతనే ఆ రంగులన్నియు నల్లబడును. క్రిస్మసు వేకువ ఆరాధనకై ముందటి రాత్రియే చేరిన పల్లెజనము, ఆ నల్లబడిన కిటికీల క్రింద, చలికి గొంగళ్ళు కప్పుకొని, బిడ్డలను నడుమ నుంచుకొని, ముత్తాతలు ఎత్తిన గోడలకు వీపులానించి నిదురింతురు.