మోటుపల్లి రేవున పగిలిన ఓడ

చరిత్రను మనము కంటితో చదువుదుము. చెవితో విన నలవాటు పడలేదు. రాజుల పేర్లు, యుద్ధముల సంవత్సరములు బాలురచే వల్లె వేయింతుము గాని, ఆ కాలమున మన తీరమందు నిలిచినవాని చెవిని బడిన ధ్వను లెట్టివని యొక్కనాడైన నడుగము. గడచిన యేడు తెనాలిలో మా పై తరగతి విద్యార్థులతో గలిసి, పావుగంట వినదగిన యొక శ్రవ్యనాటికను కూర్ప బూనితిమి. కథ యొక్కటే: తుపానులో జిక్కిన యోడ మోటుపల్లి యొద్ద పగులుట. మాటలు తక్కువ, చప్పుళ్ళెక్కువ. ఆ చప్పుళ్ళు నిజమునకు దగ్గరగా నుండవలెనని మా పట్టుదల. ఈ పనిలో మే మెచ్చట పొరబడితిమో, ఎట్లు దిద్దుకొంటిమో చదువరులకు నివేదించుటయే యీ వ్యాసమున కుద్దేశము.

మోటుపల్లి నేడు బాపట్ల జిల్లాలో, కడలి కనతిదూరమున నున్న చిన్న గ్రామము. ఇది యొకప్పటి మహారేవని చూచువారికి తోచదు. క్రీ.శ. 1199 మొదలు 1262 వరకు నేలిన కాకతీయ గణపతిదేవుడు శక సంవత్సరము 1166లో, అనగా క్రీ.శ. 1244-45లో, ఇచ్చటి వీరభద్రాలయపు స్తంభముపై సంస్కృతాంధ్రములలో అభయశాసనము చెక్కించెను. దాని సారాంశ మిది. ఒక దేశమునుండి మరియొక దేశమునకు బోవుచు గాలివానకు జిక్కి, పగిలి, ఒడ్డునకు గొట్టుకొని వచ్చిన యోడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మున్నగు సరకంతయు పూర్వరాజులు బలిమిని లాగికొనుచుండిరి. ప్రాణముకంటె ధనము మిన్నయని తలచి సముద్రయానమను సాహసమునకు దిగిన వర్తకులయెడ దయగలిగి, కీర్తికిని ధర్మమునకును తాను నిర్ణీతమైన సుంకము మాత్రము గొని, తక్కిన సర్వమును వారికే విడిచిపెట్టుచున్నానని రాజు పలికెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట నొక వంతు. చందనము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పగడములు, రాగి, సీసము, పట్టునూలు, మిరియములు, పోకలు మొదలగువాని కచ్చట ప్రత్యేకముగ లెక్క లున్నవి. ఈ శాసనమే మా నాటికకు మూలము.

మొదటి పొరబాటు మాదే. పని సులువగునని, చలనచిత్రములలోని యోడ మునుగు శబ్దములను గణకయంత్రమునుండి తెచ్చి యతికించితిమి. విన భయంకరముగనే యుండెను. అప్పుడు వెనుక బల్లమీది యొక బాలిక లేచి, "మాస్టారూ, ఇందులో ఇనుము ఒరుసుకుంటున్న చప్పుడుంది. ఆ కాలం ఓడలో అంత ఇనుమెక్కడిదండీ?" అని యడిగెను. మేము నిరుత్తరులమైతిమి. 1912లో మునిగిన టైటానిక్ ఉక్కు ఓడ. దాని యార్తనాదము మన యోడకు తగిలించుట, శ్రీరాముని రథమునకు మోటారు చప్పుడు పెట్టుట వంటిది. ధ్వని నెరుగవలెనన్న మొదట వస్తువు నెరుగవలెను.

కావున ఓడల నిర్మాణమును గూర్చి చదివితిమి. పదమూడవ శతాబ్దిలో హిందూసముద్రమున దిరిగిన యోడలు ముఖ్యముగ రెండు తెగలు. ఒకటి కుట్టిన యోడ. పలకలకు బెజ్జములు దొలిచి, కొబ్బరిపీచు త్రాళ్ళతో కలిపి కుట్టుదురు; ఇనుప మేకు లుండవు. ఆ శతాబ్ది చివర మార్కోపోలో హొర్ముజు రేవున నిట్టి యోడలను జూచి, అవి మిక్కిలి ప్రమాదకరములని వ్రాసెను. 1998లో ఇండోనేషియాలోని బెలితుంగు దీవి చెంత సముద్రగర్భమున దొరకిన తొమ్మిదవ శతాబ్దపు టోడయు నట్లు కుట్టినదే. అందు సుమారు 60,000 చీనా పాత్రలు బయల్పడినవి. రెండవది చీనా యోడ. 1974లో చీనాలోని చ్వాన్‌జౌ రేవున ద్రవ్వి తీసిన పదమూడవ శతాబ్దపు టోడకు ఇనుప మేకులున్నవి. అడ్డుగోడలచే దాని కడుపు పదమూడు గదులుగ విభజింపబడినది. ఈ రెండును పగులు తీరు వేరు. చీనా యోడ గోడలు ఫెళఫెళ విరుగును. కుట్టిన యోడ యట్లు గాదు. అది మొదట వదులగును; పలక పలకతో నొరసి మూలుగును; త్రాళ్ళొకటి వెంట నొకటి తెగును; తుదకు బట్ట విడినట్లు విడిపోవును. మేము కుట్టిన యోడనే యెన్నుకొంటిమి.

ఇక చప్పుళ్ళ సేకరణము. నాటకములకు పెట్టినది పేరయిన తెనాలిలో బెరిగినవారము. విజయవాడ ఆకాశవాణి నాటికలు విని నిద్రించినవారము. రేకు నూపి యురుము పలికించుట కొత్త గాదు. 1709లో జాన్ డెన్నిస్ అను ఆంగ్లకవి తన నాటకమునకై క్రొత్త యురుమును కల్పింపగా, నాటకము పోయినను ఉరుము మాత్రము నిలిచి, అన్యుల నాటకమున మ్రోగెనట! మేము రేకును వదలి, ఊరిలో నున్న వస్తువులనే వెదకితిమి. పాత బావి గిలక, కందెన లేని యెడ్లబండి యిరుసు, తడిసి యుబ్బిన తలుపు, ఇవి పలకల మూలుగు నిచ్చినవి. కొబ్బరి త్రాటిని నానబెట్టి, రెండు గుంజల నడుమ మెలిపెట్టి బిగించి తెంపగా వచ్చిన ధ్వని మమ్ము విస్మితులను జేసెను. అది 'ఫట్' మని యొక్కసారిగ తెగదు. పోగులు చిటపటలాడి, క్షణము నిశ్శబ్దమై, పిమ్మట తెగును.

గాలికి మాత్రము లెక్క గట్టితిమి. గాలిలో బిగిసిన త్రాడేల పాడునో 1878లో స్ట్రౌహల్ అను శాస్త్రజ్ఞుడు పరిశోధించెను. గాలి వేగమును త్రాటి మందముచే భాగించి, వచ్చినదానిలో నైదవ వంతు గొన్నచో నించుమించుగ ఆ నాదపు కంపనసంఖ్య తేలును. క్షణమునకు 30 మీటర్ల వేగముగల గాలి 3 సెంటీమీటర్ల మోకును దాకినచో క్షణమునకు సుమారు 200 కంపనములు. ఒక సెంటీమీటరు త్రాటికి 600. గాలి రెట్టింపైనచో నాద మొక స్థాయి పైకి బోవును. కావున తుపాను ముదిరినకొలది చప్పుడు పెద్దదగుట మాత్రమే కాదు, శ్రుతియు హెచ్చుచుండును. మా సంగీతము నేర్చిన పిల్లల కీ లెక్క యెంతో యింపయ్యెను.

అలల కొఱకు బాపట్ల చెంతనున్న సూర్యలంకకును, రేపల్లె దాటి నిజాంపట్నమునకును బోయితిమి. మన తీరము లోతు తక్కువది. అల తన యెత్తుకంటె కొంచె మెక్కువ లోతుగల నీటికి వచ్చుసరికి విరుగును. మూడు మీటర్ల యల సుమారు నాలుగు మీటర్ల లోతున విరుగునన్నమాట. కావున పెద్దయోడకు గండము నడిసముద్రమున గాక, ఒడ్డు కంటబడిన తరువాతనే. నిజాంపట్నమున నొక వృద్ధ మత్స్యకారుడు మా యంత్రమున దాచిన యలల చప్పుడు విని, "ఇది ఒడ్డున నిలబడి విన్న సముద్రమయ్యా. పడవలో ఉన్నోడికి సముద్రం ముందు నుంచి వినబడదు, కాళ్ళ కింద నుంచి వినబడుద్ది" అనెను. ఆ మాటతో మేము మరల పని మొదలుపెట్టి, ఖాళీ పీపాలో నుండి విన్న నీటి తాకిడిని చేర్చితిమి.

అన్నియు గుదిరినవని సంతసించుచుండగా అసలు పరీక్ష యెదురయ్యెను. ఓడ పగులు ఘట్టమున విద్యార్థులచే కేకలు పెట్టించి చేర్చియుంటిమి. రేపల్లె ప్రాంతమునుండి వచ్చు నొక విద్యార్థి యింటి పెద్దావిడ దానిని వినెను. 1977 నవంబరు 19న దివిసీమ తుపాను వచ్చిననా డామె చిన్నపిల్ల. ఆ యుప్పెనలో మరణించినవారు పదివేలకు తక్కువ గారు. గాలి శ్రుతి పెరుగునంతవరకు ఆమె కదలక కూర్చుండెను. కేకలు వినబడగనే చేయి యెత్తి యాపించెను. నొప్పి కలిగించితి మేమోయని మేము క్షమాపణ వేడబోగా, ఆమె యన్నది: "అది కాదు నాయనా. గాలి అలాగే ఉంది. కానీ ఆ గాలిలో కేక వినబడదు. మా అమ్మ పక్కనే ఉంది. నోరు తెరిచింది. ఏమందో ఈనాటికీ నాకు తెలీదు."

ఆ సాయంకాలమే కేకలన్నియు దీసివేసితిమి. మే మెరిగియు మరచిన సత్య మది. పరుల దుఃఖమును మన యుల్లాసమునకై పెంచి వినిపించుట మాకు కళగ దోచినది. అనుభవించినవారి కది దుఃఖమునకు జాలనిది మాత్రమే కాదు, అసత్యముగూడ.

కేకలు తీసిన పిమ్మట నొక ప్రశ్న మిగిలెను. మనుష్యుని కంఠ మెచ్చట వినబడవలెను? మరునాటి ప్రొద్దున, గాలి యుడిగిన తీరమున. నిజమునకు శాసనముగూడ నచ్చటనే మొదలగుచున్నది. గణపతిదేవుడు తుపాను నాపజాలడు; తుపాను వెలిసిన తరువాత మనుష్యులు చేయు దోపిడిని మాత్ర మాపగలడు. కావున ఆ ఘట్టమును రెండుమారులు వినిపించితిమి. మొదటిమారు: ఇసుకపై ననేకుల యడుగులు, పెట్టెలు పగులు చప్పుడు, రాజభటుల యదలింపు, బ్రదికి చేరిన వర్తకుని మాట నెవరును వినకపోవుట. రెండవమారు: అవే యడుగులు, అవే పెట్టెలు, కాని త్రాసు గొలుసు చప్పుడు, "ముప్పదింట నొకటి" యని సుంకరి లెక్క, మిగిలినది వర్తకుని ముందర దింపు సద్దు. చప్పుళ్ళలో భేద మల్పము. ధర్మములో భేదము కొండంత.

ఇంగ్లండులో 1275నాటి వెస్టుమినిస్టరు చట్టము, ఓడనుండి మనిషియో, కుక్కయో, పిల్లియో ప్రాణముతో బయటపడినచో దానిని దిక్కులేని సొత్తుగ నెంచరాదని విధించెను. మన స్తంభము దానికి ముప్పది యేండ్లు పెద్దది, షరతును పెట్టలేదు. బౌధాయనాదులు సముద్రయానమును పాతకములలో జేర్పగా, దాని నాధారముగ గొని మనవారు నిన్నమొన్నటివరకు విదేశములకు బోయివచ్చినవారిని వెలివేసిరి. ఆ తెలుగు నేలమీదనే యొక రాజు సముద్రము దాటువారి సాహసమును శిలపై కొనియాడినాడని యెంతమంది యెరుగుదురు? అయినను శాసనమున కొక లోపము కలదు. సరకును, వర్తకుని తలచినది. చుక్కాని బట్టినవానిని, తెరచాప దింపుచు కొట్టుకొనిపోయిన కళాసిని తలపలేదు. వారి పక్షమున పలుకుటకు మా నాటికలో నేమియు గల్పింపలేదు. లెక్క ముగిసిన తరువాత కొన్ని క్షణములు అలల చప్పుడు మాత్రము వదలితిమి.

పాఠశాలలో నాటికను వినిపించిననాడు దీపము లార్పించితిమి. ముగిసిన పిమ్మట మొదట నెవరును చప్పట్లు కొట్టలేదు. ఇనుమును గూర్చి యడిగిన బాలికయే మరల లేచి, "మరి ఆ కళాసుల ఇళ్ళకు కబురెవరు చెప్పారండీ?" అనెను. శాసనమున లేని ప్రశ్న యది. దానిని నల్లబల్లపై వ్రాసి యుంచితిమి. వచ్చు సెలవులలో వారిని మోటుపల్లికి దీసికొనిపోయి, స్తంభమును జూపి, దారిలో తీరగ్రామముల పెద్దలు చెప్పునది వ్రాసికొన నిశ్చయించితిమి. తమ తమ యూళ్ళ శాసనముల నిట్లు పిల్లల చెవిని వేయుటకు తక్కిన యుపాధ్యాయులును పూనుకొందురు గాక. దానికి వలయునది గిలక, త్రాడు, పీపా. అంతకంటె ముఖ్యముగ, వినిపించుటకు ముందు వినుట.